లెక్కలోకి రాని నాయిన

లోపలికి పిలిచేదాకా ఏమీ ఆలోచించకూడదని అనుకున్నాను. అందుకే ఎదురుగోడ మీది బొమ్మను చూస్తూ కూచున్నాను. బొమ్మలో ఒక మెదడు, మెదడు చుట్టూ బంతిపూలు, కింద "దిగులు కూడా జబ్బే, సిగ్గుపడకండి" అన్న అక్షరాలు. గీసినాయన ఎవరో గానీ చిన్నమెదడును తెచ్చి నుదుటి దగ్గర పెట్టాడు, ఇలాంటి మెదడున్న మనిషికి దిగులు రావడం న్యాయమే, అయినా పూలు మాత్రం బాగా వేశాడు, బంతిపూలంటే బతుకమ్మ, బతుకమ్మంటే పోయినేడు నేను ఇంటికి వచ్చిన రోజు, ఆ రోజంటే కిటికీలో ఆ సీసా, ఇంకేముంది, వద్దనుకున్న చోటికే వచ్చేశాను. నా కుడిపక్కన నాయిన. ఉతికిన ధోవతి, ఇస్త్రీ చేసిన అంగీ, భుజమ్మీద కొత్త తువ్వాల, బడిలో బహుమతి కోసం తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూసే పిల్లవాడి ముఖం. ఎడమపక్కన అమ్మ, సంచి ఒళ్లో పెట్టుకుని, తిరిగిపోయే బస్సు గురించి ఇప్పటినుంచే బెంగపడుతోంది. డాక్టరమ్మ దారిలో ఉన్నారని కౌంటరు దగ్గరి అమ్మాయి చెప్పింది. ఆ దారి నల్లగొండలో ఎక్కడినుంచి మొదలై ఇంతసేపు సాగుతోందో నాకు అర్థం కాలేదు. రాకపోయినా మంచిదే. ఆమె వచ్చి చెప్పబోయేది రెండు మాటల్లో ఒకటి, ఆ రెండింటిలో ఏది చెప్పినా నాకు చిక్కే.

నాయిన ఇన్ని నెలలు మింగిన గోలి ఏదో ఈ రోజు చెప్తారు. మా కంపెనీ దిగులు జబ్బుకు కొత్త మందు తయారుచేసింది, నేను అందులో పనిచేస్తాను. ఆ మందు మనుషుల మీద ఎలా పనిచేస్తుందో చూడటానికి కొన్ని ఊళ్లలో దవాఖానలను ఎంచుకున్నారు, ఇది అందులో ఒకటి. వచ్చినవాళ్లలో సగం మందికి మా కొత్త మందు, సగం మందికి ఎప్పటినుంచో దుకాణాల్లో దొరికే పాత మందు, రెండూ ఒకే రకం క్యాప్సూల్ గొట్టాల్లో పెట్టి ఇస్తారు. ఎవరికి ఏది పోతున్నదో మింగేవాళ్లకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. పరీక్ష అయిపోయింది. మా మందు గట్టెక్కింది, దిగులు తగ్గించడంలో పాతదానికి సమానం, నిద్ర విషయంలో దానికంటే నయం, తర్వాతి మెట్టుకు పోవచ్చన్నారు. ఇప్పుడు పాల్గొన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి మీకు ఇచ్చింది ఫలానా అని చెప్తున్నారు. నాయినకు ఇచ్చింది కొత్తదే అయితే ఈ రోజుతో ఆగిపోతుంది, ఎందుకంటే అది బజారుకు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. పాతదే అయితే నాయినే ఆపేస్తాడు. నాయిన ఆ పాతదాన్ని ఎంత పట్టుదలగా ఆపగలడో నేను చూశాను.

నాయిన పేరు ఐలేశం. కట్టంగూర్ అవతల మా ఊరు, మాకు గొర్లు, కొంచెం చెలక భూమి. నేను ఫార్మసీ పెద్దచదువులో చేరిన ఏడాది నాయిన మంచమెక్కాడు. జ్వరం లేదు, నొప్పి లేదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు, అంతే. ఊరు ఊరంతా కారణం వెతకడానికి వచ్చింది. గొర్లు చచ్చినయా అంటే లేదు, ఆ ఏడు అన్నీ కవల పిల్లల్నే ఈనాయి. పంట పోయిందా అంటే పోలేదు. అన్నదమ్ముల పంచాయితీనా అంటే నాయినకు అన్నదమ్ములే లేరు. కారణం దొరక్కపోయేసరికి ఊరికి కోపం వచ్చింది, ఏ లోటూ లేని మనిషి దిగులుపడటం లోటున్నవాళ్లందరికీ అవమానమన్నట్టు మాట్లాడారు. నాయిన దోస్తు లింగస్వామి రోజూ వచ్చి మంచం పక్కన కూచుని "లేవరా ఐలిగా, ఏమైందో నాకన్న జెప్పు" అని బతిమాలి, జవాబు రాక, చివరికి తన మోకాళ్ల నొప్పి సంగతి చెప్పుకుని పోయేవాడు. దిష్టి తీశారు, మల్లన్నకు మొక్కారు, తాయెత్తు కట్టారు, ఆఖరికి దవాఖానకు తీసుకుపోతే గోలీలు రాశారు. ఆ మందు తీరే అంత, మంచి చేయడానికి వారాలు తీసుకుంటుంది, కడుపులో తిప్పడానికి, నిద్ర పోగొట్టడానికి మాత్రం మరునాటికే సిద్ధం. దానికితోడు ఎవరో అవి పిచ్చోళ్లకిచ్చే గోలీలని చెవిన వేశారు. ఇక ఆనాటి నుంచి నాయిన అమ్మ ముందే గోలి నోట్లో వేసుకోవడం, నీళ్లు తాగడం, దొడ్లోకి పోయి కుడితి తొట్టిలో ఊసేయడం. మేము అది కనిపెట్టేసరికి చాలా కాలం పట్టింది. ఆ కాలంలో మా బర్రె మాత్రం ఎవరినీ పొడవకుండా ఎంతో నిమ్మళంగా ఉండేది.

ఆ బర్రె సంగతి మా ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నేను దిగులు మందుల విభాగానికే ఎందుకు పట్టుబట్టి వచ్చానో కూడా చెప్పాల్సి వస్తుంది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే పదార్థాలుంటాయి. కబురు పంపిన కణమే కాసేపటికి ఆ పదార్థాన్ని తిరిగి తనలోకి లాగేసుకుంటుంది. ఆ పాత మందు చేసేది ఒకటే పని, ఆ లాగే దారిని మూయడం. మాది దారిని మూస్తూనే అవతలి కణం మీద ఇంకో చోట కూడా కూచుని నిద్రను సరిచేయాలి. ఒకే అణువు, రెండు పనులు. అనుకోవడానికి తేలిక. మొదటి పని వచ్చిన అణువుకు రెండోది రాదు. రెండోది వచ్చేలా ఒక కొస మారిస్తే మొదటిది పోతుంది, ఒక గొర్రెను దొడ్లోకి తోలేలోపు ఇంకోటి కంచె దూకినట్టు. ఒకటి మాత్రం రెండు పనులూ అద్భుతంగా చేసింది, వాటితోపాటు కాలేయాన్ని కూడా పాడుచేసింది, ఆ రోజు మా బాస్ క్యాంటీనుకు కూడా రాలేదు. మిగిలినవాటిని ఎలుకలకు ఇచ్చి, ఎలుకను నీళ్లున్న గాజుపాత్రలో వేసి, అది ఎంతసేపు ఈదుతుందో, ఎప్పుడు ఈదడం మానేసి ఊరికే తేలుతుందో చూస్తాం, ఎక్కువసేపు ఈదితే మందు పనిచేసినట్టు. ఇది అమ్మకు చెప్పినప్పుడు బియ్యం ఏరుతున్న చేయి ఆపింది. "నీళ్లల్ల ఏస్తే దిగులు గాక ఏమైతది బిడ్డ? దానికి గోలెందుకు, బయటికి తీస్తే సాలు గదా" అంది. ఈ ప్రశ్నకు మా రంగంలోని పెద్దపెద్దవాళ్లు ఇప్పటికీ తడబడుతూనే ఉన్నారు. అమ్మ కాసేపు ఆలోచించి, "సంబంధం సూడనొచ్చినోళ్లకు మాత్రం గీ ఎలుకల ముచ్చట జెప్పకు" అని మళ్లీ బియ్యం ఏరుకుంది.

"ఐలమ్మా! ఐలమ్మ ఎవరండీ?" అని కౌంటరు దగ్గరి అమ్మాయి అరిచింది. నాయిన సగం లేచాడు. "నిన్ను గాదయ్య, అమ్మ అంటాంది, అమ్మ" అని అమ్మ తువ్వాల పట్టి లాగింది. నాయిన కూచున్నాడు, కానీ పూర్తిగా కాదు, బల్ల అంచున. ఈ హుషారు చూస్తేనే నాకు భయం. ఈ మనిషినా మేము చేతుల మీద లేపి స్నానం చేయించింది?

పోయిన బతుకమ్మకు ఇంటికి వస్తుంటే మా గల్లీ మలుపులోనే నాయిన గొంతు వినబడింది. పొట్టేలు విషయంలో లింగస్వామిని తిడుతున్నాడు. గట్టిగా, ఊపిరి తీసుకోకుండా, లింగస్వామి తాతను కూడా కలుపుకుని. ఇంట్లో కొట్లాట వినబడితే నిలబడి కళ్లు తుడుచుకున్న కూతురు జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను. లింగస్వామి కూడా తిట్లు తింటూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. నాయిన గడ్డం గీసుకున్నాడు, నన్ను చూసి "ఎండల వడి వచ్చినవ్, తిన్నవా బిడ్డ?" అన్నాడు. ఎన్నేళ్లయిందో ఆయన నన్ను ఆ మాట అడిగి. లోపలికి పోయి నీళ్లు తాగుతూ కిటికీ వైపు చూశాను. తెల్లటి సీసా. దాని మీద మందు పేరు లేదు, ఒక సంకేతసంఖ్య ఉంది, పరీక్షకు మాత్రమే అన్న ముద్ర ఉంది. ఆ సంఖ్య వేసే తీరు మా కంపెనీదే, నేను రోజూ పొద్దున చూసేదే. తాగుతున్న నీళ్లు ముక్కులోకి పోయాయి.

"ఇదేడిది నాయినా?"

"నల్లగొండల ఇచ్చిండ్రు. నీ గోలియే."

"నాదని నీకెట్ల తెల్సు?"

"లింగని మోకాళ్లు సూపిద్దామని పోయినం. ఆడ గోడకు కాగితం పెట్టిండ్రు. నీ మెడల కార్డు తాడు మీదున్న పేరే దాని మీద గూడ ఉన్నది."

"కంపెనీల సుట్టాలెవరన్న ఉన్నరా అని అడగలేదా?"

"అడిగిండ్రు. లేరని జెప్పిన."

"నాయినా!"

"నువ్వు సుట్టానివా? బిడ్డవు."

అమ్మ వైపు చూస్తే అమ్మ తంగేడు పూలు సర్దుతూ "నన్నడగకు, నాకేం తెల్వది" అంది, అన్నీ తెలిసినవాళ్ల గొంతుతో. నాయిన సీసా విప్పి ఒక గొట్టం తీసి అరచేతిలో పెట్టుకుని నాకే పాఠం చెప్పాడు. సగం ఆకుపచ్చ, సగం తెలుపు. ఆకుపచ్చది పగలు మనిషిని లేపుతుందట, తెల్లది రాత్రి పండబెడుతుందట, రెండు పనులని నేనే ఒకసారి చెప్పాను కదా, అందుకే రెండు రంగులు వేశారని చూడగానే పట్టేశాడట. ఆ రంగులు వట్టి తొడుగువని, లోపల ఏముందో దేవుడికే తెలుసునని చెప్పబోయి సీసాకు మూత పెట్టాను. ఇచ్చిన ప్రతి మందునూ ఊసేసిన మనిషి ఈ ఒక్కదాని కోసం అబద్ధమాడాడు. కోప్పడాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

అయినా కంపెనీకి చెప్పక తప్పదు, చెప్పాను. పెద్ద బల్ల చుట్టూ పెద్దవాళ్లు కూచున్నారు. పాల్గొన్న వ్యక్తికీ మీకూ సంబంధం ఏమిటని అడిగితే తండ్రి అన్నాను, ఆయన ఎందుకు దాచారని అడిగితే నేను చుట్టాన్ని కాదన్న ఆయన వాదన వినిపించాను. ఒకాయన దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, నాయిన ఫలితాలు లెక్కలోంచి తీసేస్తారు, నేను ఆ దవాఖాన వివరాల దగ్గరికి పోకూడదు, అయితే మనిషి కోలుకుంటున్నాడు కాబట్టి అదే గొట్టాన్ని డాక్టరమ్మ బాధ్యత మీద చివరిదాకా ఇవ్వవచ్చు. ఫోన్ చేసి చెప్తే నాయిన మొదట అర్థం చేసుకోలేదు. "అంటే నేను మంచిగైంది లెక్కలకు రాదా?" "రాదు నాయినా." "ఊరంతా సూసిండ్రు గదా! సర్పంచ్ తోటి రాపిచ్చుకొని రావాల్నా?" అని ఓట్ల జాబితాలో పేరు కొట్టేసినట్టు మండిపడ్డాడు. తర్వాత అమ్మ ఫోన్ చేసి సంతోషం పట్టలేక గుసగుసగా చెప్పింది, "అలిగిండు బిడ్డ. తినకుంట ముసుగేసిండు. దిగులు గాదు, అలుగుడే. అచ్చం మునుపటి లెక్కనే అలిగిండు!"

దవాఖానలో తల మీద ఫ్యాన్ తిరుగుతోంది. ఇంతకూ నేను కోరుకునేది ఏమిటి? మాదే కావాలనా? మాదే అయితే రేపటినుంచి ఆ గోలి ఉండదు, వేరేదేదీ నాయిన ముట్టడు, మళ్లీ గోడ. పాతదా? పాతదైతే అది ఆయన బర్రెకు వేసిన గోలియే, పోటీకి పెట్టింది ఏ మందో నాకు తెలుసు, ఆ సంగతి తెలిసిన క్షణాన ఆయన ముఖం ఎలా మారుతుందో కూడా ఊహించగలను. అయినా లోపల ఒక మూల, ఎవరికీ చెప్పుకోలేని మూల, మాదే కావాలని ఉంది. ఎన్ని సమావేశాల్లో తెర మీద బొమ్మలు చూపిస్తూ ఆ పాతదాన్ని తిట్టాను నేను! నిదానం, నిద్ర చెడగొడుతుంది, చాలామందికి పనిచేయదు అని, ఊరిపెద్దల ముందు సవతి మీద ఫిర్యాదు చేసినట్టు. మా నాయినను లేపింది అదే అని తేలితే రేపు ఏ ముఖంతో తిట్టను? అసలు తిట్టడం నా ఉద్యోగం కదా? "ఏందే, ముఖం గట్ల వెట్టినవ్? నీకేమన్న దిగులొచ్చిందా?" అంది అమ్మ. లేదన్నాను. "రానీ, నీ తాన గోలి ఉన్నది గదా" అన్నాడు నాయిన గర్వంగా. అప్పుడే తలుపు తెరుచుకుంది, ఐలేశం గారూ అని ఈసారి స్పష్టంగా పిలిచారు.

డాక్టర్ మనస్విని నాకంటే చిన్నదిలా ఉంది. నాయినను కూచోమంది, నిద్ర పడుతోందా, ఆకలవుతోందా, ఎవరితోనైనా కొట్లాడుతున్నారా అని అడిగింది. మూడింటికీ నాయిన "దండిగ" అన్నాడు. ఆమె కంప్యూటరు వైపు చూసి, మళ్లీ నాయిన వైపు తిరిగి, మామూలు గొంతుతో చెప్పింది. "ఐలేశం గారూ, ఇన్ని నెలలు మీరేసుకున్నది కొత్త మందు కాదు. పాత మందే."

నాయిన నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కానీ దాని వెనక మనిషి లేడు. "పాతదంటే?" అన్నాడు. ఆమె సొరుగులోంచి ఒక షీటు తీసి ఒక గోలి విడదీసి ఆయన చేతిలో పెట్టింది. తెల్లగా, చిన్నగా, పెసరగింజకంటే కొంచెం పెద్దది. "ఏది ఎవరికిస్తున్నమో తెల్వకుండ రెండిట్నీ ఒకే తీరు గొట్టంలో పెట్టిండ్రు" అంది.

నాయిన దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. "అంగీ ఇడిస్తే గింతేనా ఇది?"

అమ్మ వంగి చూసింది. "గిది మన బర్రె తిన్న గోలి గాదా?"

"బర్రెనా?" అంది డాక్టరమ్మ. నేను నేల వైపు చూశాను. నేల చాలా శుభ్రంగా ఉంది. నాయిన కూడా నేల వైపే చూస్తున్నాడు, మెడ కిందికి వాలింది, భుజాలు వాలాయి, ఆ వాలడం నాకు తెలుసు, అది మంచానికి పోయే దారి, ఏదో ఒకటి అనాలి, మందు మందే నాయినా అనాలి, నేను చేసినా వేరేవాళ్లు చేసినా అనాలి, అది మంచి మందు నాయినా అనాలి. చివరి మాట మాత్రమే నోట్లోంచి వచ్చింది. "అది మంచి మందు నాయినా. మంచి మందే." సమావేశాల్లో నన్ను చూసినవాళ్లెవరూ ఆ గదిలో లేరు, అదృష్టం.

"మరి అప్పుడెందుకు పనిజెయ్యలే?" అన్నాడు నాయిన తలెత్తకుండా.

"అప్పుడు మీరేసుకోలేదు గదా" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు రోజూ ఏసుకున్నరు. మందు దాని పని అది చేసింది, మీ పని మీరు చేసిండ్రు."

"నా బిడ్డది అనుకొని ఏసుకున్న" అన్నాడు. అందులో కోపం లేదు, ఫిర్యాదు లేదు, ఏ ఊరినుంచి వచ్చారంటే చెప్పినట్టు చెప్పాడు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాయిన గోలిని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీది ఎప్పుడొస్తది బిడ్డ?"

"అన్నీ మంచిగైతే ఇంకో నాలుగైదేండ్లు."

"అందాక గిదే ఏసుకుంట." డాక్టరమ్మ వైపు చూసి, "జర గా రెండు రంగుల అంగీ తొడిగి ఇయ్యరాదు?" అన్నాడు. బజారులో అలా దొరకదని ఆమె నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "అయినా అన్నేండ్లు అక్కర్లేదండీ. ఇంకొన్ని నెలలు ఏసుకోండి, తర్వాత మెల్లగ తగ్గిద్దం. మీ అమ్మాయి మందు వచ్చేసరికి మీకు ఏ మందూ అవసరం ఉండకపోవచ్చు."

నాయిన ముఖంలో నిజమైన కంగారు కనబడింది. "అట్లెట్ల మేడం? మరి నా బిడ్డ గోలి ఎవరేసుకుంటరు?"

చీటీ తీసుకుని బయటికి వచ్చాం. అమ్మ బస్సు, బస్సు అంటూ ముందు నడిచింది, నేను ఆమె వెనక, మెట్ల దాకా వచ్చాక చూస్తే నాయిన లేడు. వరండా చివరి బల్ల దగ్గర ఆగిపోయాడు. ఆ బల్ల మీద ఒక పడుచు మనిషి గోడకు ముఖం పెట్టి కూచున్నాడు. పక్కన అతని భార్య కాబోలు, చేతిలో కాగితాల సంచి పట్టుకుని "లే, మనల్నే పిలుస్తుండ్రు" అని మళ్లీ మళ్లీ అంటోంది. అతను కదలడం లేదు. నాయిన తువ్వాలతో బల్ల తుడిచి అతని పక్కన కూచున్నాడు. "ఏ ఊరు తమ్మి?" అన్నాడు. నాయిన తొందరపడలేదు, తనూ గోడ వైపు తిరిగి కాసేపు చూశాడు, చేను చూసినట్టు. "నేను గూడ శాన దినాలు సూసిన" అన్నాడు. "గోడల ఏమి లేదు." అతని తల కొంచెం, కొంచెమే, ఇటు తిరిగింది. "మేళ్లచెరువు" అన్నాడు. ఆమె సంచి పట్టుకున్న చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. నాయిన కాళ్లు పైకి ముడుచుకుని బల్ల మీద సర్దుకుని కూచున్నాడు.

"ఇగ బస్సు పోయినట్టే" అని అమ్మ సంచి కింద పెట్టింది.